‘క్రమశిక్షణ’ అనే మాటకు పట్టిన దుర్గతి

ముప్పై అయిదేళ్ళ ఉద్యోగ జీవితంలో తరగతి గదిలో నేను అత్యధికంగా వాడిన మాట ఏదని ఎవరైనా అడిగితే, కొంత సిగ్గుపడుతూనే చెప్పవలసి వస్తుంది. సంధీ కాదు, సమాసమూ కాదు, ‘క్రమశిక్షణ’. పిల్లవాడికి పద్యం రాకపోతే క్రమశిక్షణ లేదన్నాను. పరీక్ష తప్పితే క్రమశిక్షణ లేదన్నాను. పాఠం నేనే సరిగా చెప్పలేదేమో అన్న అనుమానం పదవీ విరమణ దగ్గర పడిన తరువాత గాని నాకు కలగలేదు. అందుచేత ఈ మాటను ఎవరు, ఎప్పుడు, ఏ అవసరానికి వాడతారో నాకు కొద్దో గొప్పో తెలుసు. ఆ ఎరుకతోనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

‘శిక్ష’ అన్న సంస్కృత పదానికి నేర్చుకోవడమనీ నేర్పడమనీ అర్థం. ఆరు వేదాంగాలలో శిక్ష ఒకటి. తెలుగులోకి వచ్చేసరికి అది దండనగా స్థిరపడింది. నేర్పవలసినవాడు నేర్పడం మాని దండించే అలవాటు మనకెంత పాతదో ఈ అర్థపరిణామం చూస్తే తెలుస్తుంది. ఇప్పుడు ఆ మాటకు మా ఊళ్ళో మూడో అర్థం పుట్టింది. క్రిప్టో నాణేల వ్యాపారంలో సొమ్ము పోగొట్టుకున్నవాడి నోరు మూయించడానికి పనికివచ్చే మాట అని ఆ అర్థం.

సంక్రాంతి వెళ్ళిన వారంలో ఒక పూర్వవిద్యార్థి మా ఇంటికి వచ్చాడు. యాభై అయిదేళ్ళవాడు. విశాఖ ఉక్కు కర్మాగారానికి భూములిచ్చిన నిర్వాసిత కుటుంబం. తాతగారి పొలం పోయింది. దానికి బదులు ఇంటికి ఆర్-కార్డు వచ్చింది. ఆ కార్డు మీద ఇతనికి కర్మాగారంలో ఉద్యోగం వచ్చింది. 2025లో యాజమాన్యం స్వచ్ఛంద పదవీ విరమణ పథకం పెట్టినప్పుడు దరఖాస్తు చేసుకుని బయటికి వచ్చేశాడు. చేతికందిన సొమ్ములో ఎనిమిది లక్షలు తీసి క్రిప్టో వ్యాపారంలో పెట్టాడు. మూడు తరాల కిందట వరి పండిన నేల చివరికి ఫోను తెరమీద ఒక అంకెగా మారిందన్నమాట.

అతని చేతిలో ఒక నోటుపుస్తకం ఉంది. నా ముందు పెట్టి, “మాస్టారూ, ఇందులో నా తప్పు ఎక్కడుందో కాస్త చూసిపెట్టండి. క్రమశిక్షణ లేకపోబట్టే డబ్బు పోయిందంటున్నారు. ఎక్కడ తప్పేనో నాకు తెలవడం లేదు” అన్నాడు.

గాజువాకలో ఒక హోటలు మేడమీద ఆదివారాలు తరగతులు నడిపే ఒకాయన దగ్గర ఇతను విద్య నేర్చుకున్నాడు. ఆ విద్య సారాంశం ఇది. మనిషి ఆశకూ భయానికీ లోబడి ఆడతాడు గనుక ఓడిపోతాడు. కాబట్టి ముందుగానే నియమాలు రాసుకుని, వాటి ప్రకారం కొనీ అమ్మీ పెట్టే ‘బాట్’ అనే యంత్రాన్ని ఫోనులో అమర్చుకోవాలి. దాని జోలికి పోకూడదు. రోజూ పుస్తకంలో లెక్క రాయాలి. దీనికి సిస్టమాటిక్ ట్రేడింగ్ అని పేరు. ‘విజయంలో తొంభై పాళ్ళు క్రమశిక్షణ’ అన్నది అక్కడి మంత్రం.

పుస్తకం రెండు రోజులు నా దగ్గర ఉంచుకుని, పాత అలవాటుకొద్దీ ఎర్ర సిరా కలం పట్టుకుని దిద్దాను. 2025 మే 20 నుంచి అక్టోబరు 10 వరకు 144 రోజుల లెక్క. మేనకోడలి పెళ్ళినాడూ, జ్వరం వచ్చిన ఒకనాడూ తప్ప నియమం తప్పిన రోజు లేదు. ‘లాభం’ అన్న మాటలో భకారానికి ఒత్తు పెట్టడం మాత్రం చిన్నప్పటిలాగే ఇప్పటికీ రాలేదు. నా తరగతిలో ఏ పిల్లవాడూ ఇంత శ్రద్ధగా ఏదీ రాయలేదని ప్రమాణం చేసి చెప్పగలను.

మరి డబ్బు ఎలా పోయింది? నేను లెక్కల మాస్టారిని కాను. అయినా కూడికలూ తీసివేతలూ తెలిసిన ఎవరికైనా ఆ పుస్తకంలోనే సమాధానం దొరుకుతుంది.

అతను ఆడినది పదింతల లీవరేజితో, అంటే తన రూపాయి మీద పది రూపాయల పందెం. ఒక్కొక్క నాణెం మీద మూలధనంలో నాలుగో వంతు. రుసుము పందెం మొత్తం మీద పడుతుంది గాని తన రూపాయి మీద కాదు. కొన్నప్పుడు నూటికి అయిదు పైసలు, అమ్మినప్పుడు అయిదు పైసలు. వినడానికి చీమతలకాయంత. కాని పదింతల పందెంలో అది తన సొమ్ముకు నూటికి ఒక రూపాయి అవుతుంది, దానిపై జి.ఎస్.టి. అదనం. ఇలాంటి పందేలు 120. నేను కూడి చూస్తే, ఆ అయిదు నెలల్లో బాట్ నిజానికి సుమారు లక్షా నలభై వేలు గెలిచింది. రుసుముల కింద పోయినది రెండు లక్షల అరవై వేలు. ఎనిమిది లక్షలు అక్టోబరు 10 నాటికి ఆరు లక్షల ఎనభై వేలకు దిగడానికి కారణం ఇదీ. యంత్రం గెలిచింది, మనిషి ఓడాడు. ఆ ఖాతా తెరిపించినది గురువుగారు పంపిన లింకు ద్వారానే. అలా చేరినవారు కట్టే రుసుములో చేర్పించినవారికి వాటా ముట్టడం ఈ వ్యాపారంలో మామూలు సంగతి. శిష్యుడు ఎంత క్రమశిక్షణతో రోజూ ఆడితే గురువుకు అంత ఆదాయం. ఈ సంగతి ఆ తరగతిలో చెప్పలేదట.

తరువాత ఆ రాత్రి. మన లెక్కన అక్టోబరు 11 తెల్లవారుజామున, అమెరికా అధ్యక్షుడు చైనా సరుకుల మీద మరో నూరు శాతం సుంకం ప్రకటించాడు. బిట్‌కాయిన్ పదో వంతుకు పైగా పడింది. చిన్న నాణేలు కొన్ని నిమిషాలలో సగానికి పైగా కుప్పకూలాయి. ప్రపంచం మొత్తం మీద ఒక్క రోజులో 1,900 కోట్ల డాలర్లకు పైబడిన పందేలను ఎక్స్ఛేంజీలు బలవంతంగా మూసివేశాయి. మా వాడు నిద్రలో ఉన్నాడు. అతని బాట్ మూడు చిన్న నాణేలు పట్టుకుని ఉంది. ధర రెండు శాతం పడగానే అమ్మేయాలన్న స్టాప్‌లాస్ నియమం ఉంది. కాని కొనేవాడు ఉంటే గదా అమ్మడం! ధర మెట్లు దిగలేదు, మేడమీద నుంచి దూకింది. మూడు పందేలూ మొత్తంగా పోయి, ఆరు లక్షల ఎనభై వేలలో లక్షా డెబ్బై వేలు మిగిలాయి.

దీనికి గురువుగారి వ్యాఖ్య: “వారాంతంలో బాట్ ఆపివేయాలని తెలియదా? అదే క్రమశిక్షణ.” యంత్రం జోలికి పోకూడదన్నదీ ఆయనే. పోతే ఒక తప్పు, పోకపోతే ఇంకో తప్పు. ఈ తర్కం నాకు కొత్తది కాదు. బెత్తం పట్టిన రోజుల్లో నేనూ ఇలాగే మాట్లాడాను.

మా ఊరు ఓడరేవు గనుక ఓడల నుంచే ఒక సంగతి చెబుతాను. రాస్ కొండ ఎక్కి నిలబడితే రేవులోకి వచ్చే ఓడలు దగ్గరగా కనిపిస్తాయి. ప్రతి సరుకు ఓడ పక్కనా ఒక వృత్తం, దాని మధ్యగా ఒక అడ్డగీత ఉంటాయి. ఆ గీత మునిగేటట్టు సరుకు ఎక్కించకూడదు. దానికి ప్లిమ్‌సాల్ గీత అని పేరు. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో ఓడ యజమానులు పాత ఓడలను మునిగేటంత నింపి, భీమా చేయించి, సముద్రం మీదికి తోలేవారు. మునిగితే భీమా సొమ్ము వస్తుంది. నావికులు మాత్రం తిరిగి రారు. శవపేటికలని ఆ ఓడలకు పేరు. ఒప్పందం చేసుకున్నాక ‘ఈ ఓడ ఎక్కను’ అన్న నావికుణ్ణి జైలులో పెట్టేవారు. నేరం ఏమిటంటే ఆజ్ఞోల్లంఘన, అంటే క్రమశిక్షణా రాహిత్యం! శామ్యూల్ ప్లిమ్‌సాల్ అనే పార్లమెంటు సభ్యుడు పట్టుబట్టి పోరాడితే 1876లో గీత వేయాలని చట్టం వచ్చింది. అయితే గీత ఎక్కడ వేయాలో యజమాని ఇష్టానికే వదిలారు. అధికారులు నిర్ణయించిన చోటే గీత ఉండాలన్న చట్టం 1890లో గాని రాలేదు.

ఈ కథలో మూడు పాఠాలున్నాయి. ఓడ మునగడానికి కారణం నావికుల ప్రవర్తన అనుకుంటున్నంత కాలం బరువు సంగతి ఎవరూ మాట్లాడలేదు. ఇది మొదటిది. వృత్తం పక్కన మరికొన్ని గీతలుంటాయి. ఉష్ణమండల సముద్రానికి ఒకటి, శీతకాలానికి ఒకటి, ఉత్తర అట్లాంటిక్ శీతకాలానికి అన్నిటికన్నా కింద మరొకటి. అదే ఓడ అయినా సముద్రం ఎంత కల్లోలమైతే సరుకు అంత తక్కువ ఎక్కించాలి. రిస్కు నిర్వహణ అన్న శాస్త్రమంతా ఈ రెండోదాంట్లో ఉంది. ఇక మూడోది, నా దృష్టిలో ముఖ్యమైనది. ఆ గీత ఓడ బయట ఉంటుంది. ఒడ్డున నిలబడ్డ ఎవరైనా చదవవచ్చు.

బరువు లెక్క ఎంత చిన్నదో చూడండి. ఒక్కొక్క పందెంలో మూలధనంలో నూటికి ఒకటి మాత్రమే పోయేటట్టు పెట్టుకున్నవాడు వరుసగా పదిసార్లు ఓడినా అతని దగ్గర నూటికి 90 మిగులుతాయి. నూటికి పది పెట్టినవాడికి 35 కూడా మిగలవు. ఆ 35ను మళ్ళీ నూరు చేయాలంటే దాదాపు మూడింతలు కావాలి. వరుసగా పదిసార్లు ఎవరు ఓడతారని అనవద్దు. బొమ్మా బొరుసులాగా సగం సగం గెలుపు ఉన్న యంత్రం వేయి పందేలు ఆడితే, అటువంటి వరుస ఒకటైనా ఎదురయ్యే అవకాశం మూడింట ఒక వంతు కన్నా ఎక్కువ. పుట్టించినవాడికి కూడా దాన్ని తప్పించే శక్తి లేదు. క్రమశిక్షణ ఆ వరుసను ఆపదు. బరువు తక్కువగా ఉంటే మాత్రం ఆ వరుసలో నుంచి బతికి బయటపడవచ్చు.

మన దేశంలో మరో లెక్క ఉంది. 2022 ఏప్రిల్ నుంచి ఈ నాణేల లాభం మీద 30 శాతం పన్ను, దానిపై సెస్సు. ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని మరో నాణెం లాభంలో నుంచి తీసివేయనివ్వరు. ఒకదానిలో లక్ష వచ్చి మరొకదానిలో లక్ష పోతే, చేతికి దమ్మిడీ రాకపోయినా 31,200 రూపాయలు పన్ను కట్టాలి. గెలుపూ ఓటమీ సమానమైన మొత్తాలుగా వచ్చే యంత్రం నూటికి దాదాపు 60 సార్లు గెలిస్తే గాని అసలు నిలబడదు. 2022 జూలై నుంచి అమ్మిన ప్రతిసారీ మొత్తం మీద ఒక శాతం టి.డి.ఎస్. కోత. మూలధనమంతా నూరుసార్లు తిప్పితే అందులో 63 పాళ్ళు, రిటర్ను వేసి తిరిగి తెచ్చుకునేదాకా, అక్కడే ఇరుక్కుంటాయి. ఈ కోత ఉండదని చెప్పే గురువుగారు శిష్యులను ఫ్యూచర్స్ వైపు మళ్ళించారట. ఒక శాతం తప్పించుకోవడానికి పదింతల అప్పు ఎక్కించారు!

నియమం ఎంత పాటించినా అందని ప్రమాదాలు వేరే ఉన్నాయి. 2024 జూలై 18న వజీర్ఎక్స్ ఎక్స్ఛేంజిలో 23 కోట్ల డాలర్లకు పైగా విలువైన నాణేలు చోరీ అయ్యాయి. ఖాతాదారుల సొమ్ము స్తంభించింది. వ్యాపారం మళ్ళీ మొదలైనది 2025 అక్టోబరులో. ఆ పదిహేను నెలలూ అక్కడ ఇరుక్కున్న క్రమశిక్షణాపరులకు వారి నోటుపుస్తకాలు ఏం ఉపకారం చేశాయి?

నియమాలతో ఆడి గెలిచినవారు లేరా అని అడగవచ్చు. ఉన్నారు. అమెరికాలో రిచర్డ్ డెన్నిస్ అనే వ్యాపారి 1983లో మామూలు మనుషులను పోగుచేసి, ‘తాబేళ్ళు’ అని పేరు పెట్టి, నియమాలు నేర్పి ఆడించాడు. వారిలో పలువురు గెలిచారు. ఆ నియమాలలో ప్రాణప్రదమైనది ఎప్పుడు కొనాలన్నది కాదు, సరుకు ధర ఎంతగా ఊగుతుందో చూసి ఎంత కొనాలన్నది. ఓడ గీత లాంటిదే. ఆ గురువు స్వయంగా 1988లో భారీ నష్టాలు చూసి తన నిధులు మూసుకున్నాడు. ఇది కూడా అదే కథలో భాగం.

మన దగ్గరా యంత్రాలు గెలుస్తున్నాయి. ఎవరి యంత్రాలో చూడాలి. క్రిప్టోకు ఇంత పద్దతైన లెక్క నా కంట పడలేదు గాని, షేర్ల ఫ్యూచర్స్, ఆప్షన్ల మీద సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించిన అధ్యయనం ఉంది. 2021-22 నుంచి మూడేళ్ళలో వ్యక్తిగతంగా ఆడినవారిలో నూటికి 93 మంది నష్టపోయారు. వ్యక్తులందరి నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు మించింది. అవతలి పక్క విదేశీ సంస్థలూ సొంత ఖాతాల మీద ఆడే పెద్ద సంస్థలూ సంపాదించిన లాభాలలో 95 శాతానికి పైగా ఆల్గో యంత్రాలవే. గాజువాక హోటలు మేడమీద కొన్న బాట్ ఆ యంత్రాలతో కుస్తీకి దిగుతుంది. సింహాల బోనులోకి మేకపిల్లను పంపి, ‘క్రమశిక్షణగా నడువు’ అంటే సరిపోతుందా?

ఒక పండిత మిత్రుడు నలుణ్ణి గుర్తుచేశాడు. జూదంలో రాజ్యం పోగొట్టుకున్న నలుడు ఋతుపర్ణుడి వద్ద అక్షహృదయం నేర్చి తిరిగి గెలిచాడు గదా, విద్యకు ఫలం లేదా అని. ఉంది. అయితే ఆ విద్య అతను ఎలా పుచ్చుకున్నాడో గమనించాలి. ఋతుపర్ణుడు దారిలో తాండ్రచెట్టు చూసి ఆకులూ కాయలూ ఇన్ని అని చెప్పాడు. నలుడు నమ్మలేదు. రాజు తొందరపడుతున్నా రథం ఆపి, చెట్టు కూల్చి, కాయలు లెక్కపెట్టి, సరిపోయిన తరువాతే విద్య అడిగాడు. మన గురువులు చెట్టు కూల్చనిస్తారా? రుసుములతో, పన్నులతో, ఓడిన నెలలతో సహా తమ సొంత ఖాతా లెక్క చూపిస్తారా? తెరమీద చూపే పాత లెక్కల్లో ఈనాటికి బతికి ఉన్న నాణేలే ఉంటాయి. 2022 మే నెలలో ఎనభై డాలర్ల నుంచి వారం రోజుల్లో సున్నాకు చేరిన లూనా వంటివి ఆ చెట్టుకు కాసినట్టే కనిపించవు.

నా మాట ఇది. ఈ వ్యాపారం చట్టవిరుద్ధం కాదు. పోతే జీవితం మారిపోని సొమ్ముతో, అప్పు లేకుండా, ఇంత పోతే ఆపివేస్తానని ముందే గీత గీసుకుని ఆడేవాడితో నాకు తగాదా లేదు. కాని ఆ గీత ఫోనులోపల దాగి ఉండకూడదు. ఇల్లాలు చదవగలిగే చోట ఉండాలి. దాన్ని జరపాలంటే ఆమె అనుమతి కావాలి. తన ఓడకు తానే గీత గీసుకున్న యజమాని దాన్ని ఎక్కడ గీసుకుంటాడో ఇంగ్లండులో పద్నాలుగేళ్ళు చూశారు. బరువు లెక్క చెప్పకుండా క్రమశిక్షణ బోధించేవాణ్ణి మాత్రం గురువు అని పిలవడానికి నా నోరు రాదు.

పుస్తకం తిరిగి ఇస్తూ, చివరి పుటలో ‘క్రమశిక్షణ: నూటికి తొంభై ఎనిమిది’ అని ఎర్ర సిరాతో వేశాను. అది చూసి అతను చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా, “అడ్వాన్స్‌డ్ కోర్సు ఉందంటున్నారు మాస్టారూ. మిగిలిన దాంతో పోయింది రాబట్టుకోవచ్చంట” అన్నాడు.

సభాపర్వంలో ధర్మరాజుకు పోయినదంతా ఒకసారి తిరిగి వచ్చింది. ఇంద్రప్రస్థానికి బయలుదేరాడు కూడా. దారిలో పిలుపు వస్తే వెనుదిరిగి వెళ్ళి మళ్ళీ కూర్చున్నాడు. అరణ్యవాసం మొదటి జూదం వల్ల రాలేదు, ఆ రెండోదాని వల్ల వచ్చింది. ఈ సంగతి పదో తరగతిలో ఇతనికి చెప్పానో లేదో గుర్తు లేదు. ఆ రోజు చెప్పాను.

“ఇంట్లో తెలుసా?” అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు.

“ఈ రాత్రే ఈ పుస్తకం మీ ఆవిడకు చూపించు, నాయనా. కోర్సు సంగతి ఆ తరువాత ఆమెనే అడుగు.”

“చూపిస్తాను మాస్టారూ” అన్నాడు. పుస్తకం చొక్కా లోపల పెట్టుకుని వెళ్ళాడు. చూపించాడో లేదో నాకింకా తెలియదు.

స్వస్తి.